ఊరు: లక్డారం

మిషన్ చప్పుడు ఆగిందనుకున్నాడు పెద్దరాములు. ఆగలేదు, గొంతు మార్చుకుంది అంతే. పంతొమ్మిదేళ్లుగా ఈ పళ్ల కాలేజీలో అటెండరుగా ఆ చప్పుడు మధ్యనే తిరుగుతున్నాడు కాబట్టి గోడ అవతల నుంచి విన్నా చెప్పగలడు, పన్ను మీది గట్టి పెంకు మీద తిరిగేటప్పుడు అది చెవి దగ్గర దోమలాగా సన్నగా ఉంటుంది, లోపలికి దిగాక జలుబు చేసిన మనిషిలాగా బొంగురుపోతుంది, ఇంకా లోపలికి, దిగకూడని చోటికి దిగితే ఒక్కసారిగా ఏ చప్పుడూ ఉండదు, అదే భయం. ఇప్పుడింకా బొంగురుగానే ఉంది. లోపల ఏడో నంబరు కుర్చీలో పడుకుని ఉన్నది అతని భార్య సుమిత్ర. నోటి మీద నీలం రబ్బరు గుడ్డ బిగించారు, ఆ గుడ్డకున్న చిల్లులోంచి ఆమె పన్ను ఒక్కటే పైకి కనిపిస్తుంది, మిగతా సుమిత్ర అంతా గుడ్డ కింద. మాట్లాడటానికి లేదు. నొప్పయితే ఎడమ చెయ్యి ఎత్తమన్నారు. ఎత్తదు, అతనికి తెలుసు, మూకుడు తగిలి చెయ్యి బొబ్బలెక్కినా అబ్బా అనని మనిషి, మూడు నెలలుగా దవడ పట్టుకుని కూర్చుని కూడా, ఎట్లుందే అంటే మంచిగనే ఉంది అన్న మనిషి. అతనేమో బయట, పేషెంట్ల బెంచీ మీద. ఈ బెంచీని రోజూ తుడిచాడు గాని దీని మీద కూర్చోవడం ఇదే మొదలు. సొంతోళ్లయినా సరే బయటనే కూసోవాలె అని ఎంతమందిని ఈ తలుపు దగ్గర ఆపాడో. ఇంత గట్టిగా ఉంటుందా ఈ బెంచీ, నడుము నిలవనివ్వదు, గోడకు ఒరుగుదామంటే తల తగిలేచోట జనం తలనూనె మరక, ఆ మరక తుడవమని పెద్ద సారు ఎన్నిసార్లు తిట్టాడో.

కిటికీలోంచి బొంబాయి రోడ్డు కనిపిస్తుంది. కంటైనర్లు ఒకదాని వెనక ఒకటి, వాటి సందుల్లో షేర్ ఆటోలు, మధ్యాహ్నం షిఫ్టుకు పోయేవాళ్లు ఆటోల్లో వెనక్కి తిరిగి కాళ్లు వేలాడేసుకుని. గాలి ఇటు తిరిగినట్టుంది, మందుల కంపెనీల వాసన వచ్చింది, కుళ్లిన పండూ కిరోసినూ కలిసినట్టు. ఈ వాసనకి బయటివాళ్లు ముక్కు మూసుకుంటారు, పెద్దరాములుకి అది వస్తే మూడయిందని గుర్తు. మూడయిందా అప్పుడే. రెండింటికి లోపలికి తీసుకుపోయారు. కళ్లు మూతలు పడుతున్నాయి, వారం రోజులుగా సరిగా నిద్ర లేదు, ఆమె పక్కన అటూ ఇటూ దొర్లుతుంటే తనకెలా పడుతుంది. పీకేయించరాదు, పీడ పోతది, అంటుంది ఆమె. ఇంత పెద్ద దవాఖానలో పని చేస్తూ పెళ్లాం పన్ను పీకించుకుంటానా అంటాడు అతను, అని మర్నాడూ తీసుకురాడు, ఆ మర్నాడూ తీసుకురాడు. ఎందుకు తేలేదో సుమిత్రకు తెలియదు. పని ఎక్కువుంది అనుకుంది. జొన్నరొట్టె పప్పులో నానబెట్టుకుని కుడిపక్కనే నమిలింది మూడు నెలలు.

తెస్తే ఏమవుతుందో ఈ పొద్దున అదే అయింది. అనూహ్య మేడమ్ ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసింది. పెద్ద చదువు చివరి ఏడాదిలో ఉన్న పిల్ల, సంగారెడ్డి గంజి మార్కెట్‌లో ధాన్యం వ్యాపారం చేసే కైలాసం సేటు బిడ్డ, ఎంత పెద్దింటి పిల్లయినా అటెండరును అన్నా అని తప్ప పిలవదు.

“రాములన్నా, ఇగో ఇక్కడ చూడు. ఇంకో గీత ఉన్నట్టుంది. ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది.”

“లేదేమో మేడమ్.”

“వేరే ఊరి వాళ్లయితే నేను కూడా లేదనే అనుకుందును. మీది లక్డారం కదన్నా!” అని నవ్వింది. “ఆంటీ, మీ పన్ను పీకేది లేదు. మూడో వేరు ఎక్కడ దాక్కుందో పట్టుకుంటా.”

సుమిత్ర కూడా నవ్వింది, దవడ పట్టుకునే. అతను నవ్వాడో లేదో అతనికే తెలియదు. కింది దవడలో నమిలే పెద్ద పన్నుకు మామూలుగా రెండు వేర్లు, ఇది ఈ కాలేజీలో ఊడ్చేవాళ్లకి కూడా తెలుసు. ఎక్కడో కొందరికి మూడోది ఉంటుంది, వెనకవైపు, నాలుక పక్కకి, చిన్నది, కొక్కెంలాగా వంగి, ఎక్స్‌రేలో పెద్ద వేరు చాటున నిలబడి. అది ఉన్నదని తెలియక పన్ను మూసేస్తే లోపల చీము పడుతుంది. లేనిదాన్ని ఉందనుకుని వెతుక్కుంటూ పోతే పన్ను అడుగుకు చిల్లు పడుతుంది. చిల్లు పడ్డ పన్ను చిల్లు పడ్డ కుండే. ఇప్పుడు లోపల ఆ పిల్ల వెతుకుతున్నది అందుకే, లక్డారం వాళ్లకు మూడో వేరు ఎక్కువని కాగితంలో అచ్చయింది కనుక, ఆ కాగితం రాసింది ఆ పిల్లే కనుక. ఆ కాగితానికి పళ్లిచ్చింది మాత్రం పెద్దరాములు.

మళ్లీ మారింది చప్పుడు. కాదు, నీళ్లు కొడుతున్నారు. నీళ్లే. కూర్చో.

పళ్లు ఎలా వచ్చాయంటే, అసలు రూములు ఎలా వచ్చాయో అక్కడ మొదలుపెట్టాలి. తండ్రి పంచిన పొలంలో అతని వాటా రోడ్డు వెడల్పుకి కొంత, కంపెనీ గోడకి కొంత పోగా మిగిలిన ముక్కలో జొన్న వేస్తే పక్షులు తప్ప కోసేవాళ్లు లేరు. అందరూ కడుతున్నారని అతనూ కట్టాడు, రేకుల కప్పుతో పన్నెండు రూములు, వరసగా, రైలుపెట్టెల్లాగా. దిగినవాళ్లు కూడా రైళ్లలో వచ్చినవాళ్లే. అస్సాం వాళ్లు, ఆ పైన కొండల వాళ్లు, నేపాలు నుంచి కొందరు. చిన్న కళ్లు, మెత్తటి మాట, రూముకి నలుగురు, షిఫ్టు ముగిశాక ముందు బట్టలు ఉతుక్కుని తర్వాత అన్నం వండుకుంటారు. వాళ్లలో పాతవాడు బిపుల్, మూడో నంబరు రూము, రంగుల కంపెనీలో పని, ఆరేళ్లయింది వచ్చి, సుమిత్ర పాలు పొంగుతుంటే పరుగెత్తుకొచ్చి పొయ్యి కట్టేసేంత చనువు. ఆ బిపుల్‌కే మొదట పన్ను నొప్పి లేచింది, చెంప ఉబ్బి కన్ను మూసుకుపోయింది. అప్పుడే కాలేజీకి ఇన్‌స్పెక్షన్ వస్తోంది, కుర్చీలు ఖాళీగా ఉండొద్దు, అటెండర్లు తలా ఇంతమందిని తేవాలని పైనుంచి మాట. కాలేజీ బస్సు ఊళ్ల మీద పడింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకి ఉచితం కార్డు ఇచ్చారు, ఆ కార్డుకి ఇక్కడి అడ్రసు ఉండాలి. పెద్దరాములు ఏం చేశాడు, తన ఇంటి నంబరు రాయించాడు. కేరాఫ్ పెద్దరాములు, లక్డారం. బిపుల్‌కి రాయించాడు, బిపుల్ పక్కవాడికి రాయించాడు, తమ్ముడి రూముల్లో ఉన్నవాళ్లకీ రాయించాడు. ఇందులో దొంగతనం ఏముంది, ఉంటున్నది లక్డారంలో కదా, తాగుతున్నది లక్డారం నీళ్లే కదా. చీటీ రాసే పిల్ల తలెత్తకుండా అడిగేది, ఊరు? తనే చెప్పేవాడు, లక్డారం. వాళ్లు నోరు తెరిచేలోపల తనే చెప్పేవాడు, వాళ్ల భాషతో ఆ పిల్లకి ఆలస్యం ఎందుకని.

పీకించుకున్నవాళ్లు దూది కరుచుకుని రూములకొస్తే సుమిత్ర రాగిజావ కాచి పోసేది, చల్లార్చి, ఉప్పు తగ్గించి. ఎవరు ఏ పన్ను పోగొట్టుకున్నారో ఆమెకి కూడా లెక్కే.

పీకిన పళ్లు పారేయరు. బయటివాళ్లకి తెలియదు గాని పళ్ల కాలేజీ నడిచేదే పీకిన పళ్ల మీద. కొత్త పిల్లలు వాటి మీద చేయి తిప్పుకుంటారు, పెద్ద చదువు పిల్లలు వాటిని కొలుస్తారు. పెద్దరాములు పని వాటిని కడిగి, మాంసం గీకి, సీసాలో వేసి, చీటీలో ఉన్న ఊరి పేరు సీసా మీద అంటించడం. ఎన్ని కొలతలు చూశాడు ఈ పంతొమ్మిదేళ్లలో. ఒక పిల్ల ఆడవాళ్లందరికీ లిప్‌స్టిక్ పూసి పెదవుల ముద్రలు తీసింది, వేలిముద్రల్లాగా ఇవీ ఏ ఇద్దరివీ ఒకటి కావంట, పక్కూరు భానూర్ ముసలమ్మలు సిగ్గుతో చచ్చారు. ఒకడు గుట్కా నమిలేవాళ్ల నోట్లో మూడు వేళ్లు నిలువుగా పడతాయా లేదా అని చూసేవాడు, రెండే పట్టినవాళ్లని పక్కకి పిలిచి మెల్లగా మాట్లాడేవాడు. కింద ఎముకల గదిలో ఒకాయన పాత దవడలు ముందు పెట్టుకుని గడ్డం దగ్గర నరం బయటికొచ్చే చిన్న చిల్లు ఏ పన్ను కిందికొస్తుందో మిల్లీమీటర్లలో రాసుకుంటూ రెండు వానాకాలాలు గడిపాడు. తన నోరు కూడా ఒక పాఠమే ఇక్కడ, చిన్నప్పుడు తాగిన బోరు నీళ్లకు పళ్ల మీద పడ్డ గోధుమరంగు చారలు, ప్రతి ఏడాది కొత్త పిల్లలు వచ్చినప్పుడు సారు పిలుస్తాడు, రాములూ నోరు తెరువు, ముప్పై మంది వంగి చూస్తారు. అలవాటైపోయింది. మనిషి అంటే ఇక్కడ ముందు ఒక నంబరు, ఒక వయసు, ఒక ఊరు. తర్వాతే నోరు.

అన్నిట్లోకీ అందమైనది అనూహ్య మేడమ్ పనే. పన్నుని తేజాబులో, అదే యాసిడ్‌లో, మెత్తబరచి, స్పిరిట్‌లో నీరు పోగొట్టి, చివర ఒక నూనెలో వేస్తుంది, ఆ నూనె వాసన అచ్చం మోకాళ్లకు రాసే బామ్ వాసన. వేసిన మర్నాటికి పన్ను గాజయిపోతుంది. అంతకు ముందే లోపలికి ఎక్కించిన నీలం సిరా దారాల్లాగా కనిపిస్తుంది, ఎక్కడ ఒకటి రెండుగా చీలిందో, ఎక్కడ రెండు కలిశాయో. మొదటిసారి చూసినప్పుడు అతను చాలాసేపు సీసా దించలేదు. రొట్టె, మాంసం, తిట్లు, పాటలు, అన్నీ దీని మీద నుంచే పోయి ఉంటాయి కదా, లోపల ఇంత సన్నటి నీలం కాలువలున్నాయా అని. అది బిపుల్ పన్ను. సీసా మీద మాత్రం లక్డారం అని ఉంది, తన చేతిరాతే.

నూట ఇరవై పళ్లు కావాలి ఆ పిల్లకి, అన్నీ కింది దవడ పెద్ద పళ్లే, అన్నీ ఈ ఇలాకా వాళ్లవే. డెబ్భై తొమ్మిది దగ్గర ఆగిపోయింది. గడువు రెండు నెలలుంది. స్టోరు గదిలో అట్టపెట్టెల వెనక ముక్కు చీదుకుంటుంటే చూశాడు. నా దగ్గర లక్డారం సీసా ఉంది మేడమ్, కింది పెద్దయి నలభై ఒకటున్నయి, అన్నాడు. ఆ పిల్ల కళ్లు తుడుచుకుని, అన్నీ ఇక్కడివాళ్లవేనా అన్నా, ఖాయమేనా, అని అడిగింది. అడిగింది, అబద్ధం ఎందుకు. మా లక్డారమోళ్లయే మేడమ్, అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతనికి అది అబద్ధంలాగా అనిపించలేదు. చీటీలు చూపించాడు కూడా, అన్నిట్లో ఒకటే రాత, ఊరు లక్డారం.

ఆ డెబ్భై తొమ్మిదిలో మూడో వేరు ఉన్నవి నాలుగు. ఈ నలభై ఒకటిలో పదకొండు. మొత్తం మీద ఎనిమిది మందిలో ఒకరికి. ఇంతకుముందెవరూ ఇక్కడ ఇంత చూడలేదంట. పెద్ద సారు నరసరాజు గారు చేతులు రుద్దుకున్నాడు, పిల్ల ఎక్కడో మీటింగులో చదివి ప్రైజు తెచ్చింది, పుస్తకంలో అచ్చయింది, ఒక ప్రతి నోటీసు బోర్డుకి ఎక్కింది. దాని చివర చిన్న అక్షరాల్లో అతని పేరు. పళ్లు సేకరించి సాయం చేసిన శ్రీ పెద్దరాములు గారికి కృతజ్ఞతలు అని రాశానన్నా, అని వేలుపెట్టి చూపించింది. పెళ్లిపత్రిక తర్వాత అతని పేరు అచ్చులో పడటం అదే. సుమిత్ర ఆ కాగితానికి ప్లాస్టిక్ వేయించి దేవుడి అల్మారాలో పెట్టింది. చదవలేదు, ఇంగ్లీషు కదా, వేలుతో ఆ పేరున్న చోటు తడుముతుంది. వచ్చిన ప్రతి చుట్టానికీ చూపించింది. బిపుల్‌కి కూడా చూపించింది, వాడు చప్పట్లు కొట్టాడు.

ఎప్పుడు తెలిసిందంటే, క్లాసులో. సారు మాట్లాడుతుంటే బల్ల మీద నీళ్ల సీసా పెట్టడానికి వెళ్లాడు. ఈ మూడో వేరు తూర్పు దిక్కు జనాల్లో ఎక్కువ, బర్మా, చైనా, ఆ వైపు, అంటున్నాడు సారు, మన దగ్గర ఇరవై మందిలో ఒకరికి కూడా కష్టం, మరి ఈ ఒక్క ఊళ్లో ఇన్ని ఎందుకున్నాయి, చెప్పండి, అదే ఈ పరిశోధనలో గొప్ప, అంటున్నాడు. సీసా బల్ల మీద పెట్టిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. ఎందుకున్నాయో ఆ గదిలో ఒక్క పెద్దరాములుకి తెలుసు. పన్నెండు రూములు కళ్ల ముందు వరసగా నిలబడ్డాయి. చెప్పాలి అనుకున్నాడు. సాయంత్రం చెప్పాలి అనుకున్నాడు. సాయంత్రం ఆ పిల్ల వాళ్ల నాన్న పంపాడని దూద్‌పేడాల డబ్బా తెచ్చి ఇచ్చింది. అంతే, నాలుగు నెలలు.

నాలుగు నెలల్లో ఏమయింది, ఏమీ కాలేదు, సారు ఒక ఆర్డరు వేశాడు, ఈ ఇలాకా పేషెంటైతే మూడో వేరు దారి వెతకకుండా పన్ను మూయొద్దు అని. పిల్లలు వెతకడం మొదలుపెట్టారు.

చొక్కా జేబులో చెయ్యి పెట్టుకున్నాడు. ఉంది. కాగితం పొట్లం, ఎనిమిది రోజులుగా ఉంది, చొక్కా మార్చినప్పుడల్లా పొట్లం కూడా మారుతోంది. భానూర్ నర్సింగ్ పన్ను అది. అరవై ఏళ్ల రైతు, నవ్వులాటగా వచ్చాడు, ఏమోయ్ రాములూ, నా పన్ను ముట్టుకునేటోడు మంచోడేనా, లేకుంటే కోళ్లు కోసెటోడా? మంచోడే బావా, పోయి పండుకో, అన్నాడు తను. కొత్త పిల్లవాడు, భయంభయంగా, ఆర్డరు ప్రకారం వెతికాడు. ఒక్కసారిగా చప్పుడు ఆగింది. తర్వాత రక్తం ఊరింది, పన్ను అడుగు నుంచి, ఎంత దూది పెట్టినా. సారు వచ్చి చూసి, మెల్లగా, పీకేయండి, అన్నాడు. బాగుపడాల్సిన పన్ను. నర్సింగ్ దూది కరుచుకుని, నీ అమ్మ, పొయ్యిందిరా, అన్నాడు, అప్పుడు కూడా నవ్వే. పళ్లెంలో పడ్డ పన్నును కడిగింది పెద్దరాములే. కడిగి చూస్తే రెండే వేర్లు. మధ్యలో ఆవగింజంత చిల్లు. దాన్ని సీసాలో వేయలేకపోయాడు. ఏ ఊరని రాస్తాడు. చిల్లు మాత్రం లక్డారానిది.

ఆర్డరు వేసిన నాటి నుంచే ఇట్లా అవుతుందని భయం, అందుకే సుమిత్రను తేలేదు. అందుకే చివరికి, ఆమె గోడకు తల కొట్టుకోవడం చూసి, తెచ్చాడు. ఇంకో కాలేజీకి, పటాన్‌చెరులో ఏ చిన్న డాక్టరు దగ్గరికైనా తీసుకుపోవచ్చు కదా. నీ కాలేజీ ఉండంగ బయటికెందుకు, నీ బిడ్డ మేడమే చూస్తది గద, అంది. అనూహ్య మేడమ్‌ని నీ బిడ్డ అంటుంది. తన పేరు అచ్చు వేయించిన పిల్ల.

ఇప్పుడు లేచిపోయి చెబితే. ఆ పిల్లకి వచ్చే నెల పరీక్ష. మూడేళ్ల పని. సారు ముఖం. నోటీసు బోర్డు. తన నౌకరీ. అల్మారాలో ప్లాస్టిక్ కాగితం. చెప్పకపోతే. ఆ నీలం గుడ్డ చిల్లులోంచి కనిపిస్తున్న ఒక్క పన్ను, దాని అడుగున ఆవగింజంత. ఎంత అలసటగా ఉంది ఇది మోయడం, ఒక సీసా, నలభై ఒక్క పళ్లు, బరువెంతని, పావుకిలో ఉండదు. ముప్పై ఒక్క ఏళ్ల సంసారంలో ఆమె నోటి నుంచి ఒక అబద్ధం విన్నాడా అని ఆలోచించాడు, మంచిగనే ఉంది అనేది తప్ప. ఒకసారి లేచాడు, కూర్చున్నాడు. గాలి మళ్లింది, వాసన పోయింది. రోడ్డు మీద కంటైనరు హారను కొట్టింది, అది ఆగేసరికి లోపల మిషన్ చప్పుడు లేదు.

లేదు.

తలుపు తోసుకుని లోపలికి వెళ్లిపోయాడు. కుర్చీల మధ్య నుంచి, తను పంతొమ్మిదేళ్లు తుడిచిన గచ్చు మీద నుంచి, చెప్పులు విప్పలేదని కూడా గుర్తులేదు. మేడమ్, ఆగుండ్రి, జెర ఆగుండ్రి, అంటున్నాడు. అనూహ్య తలెత్తింది. మాస్కు పైన కళ్లు వెలుగుతున్నాయి.

“రాములన్నా! దొరికింది!”

అతనికి అర్థం కాలేదు.

“మూడో వేరు. నిజంగనే ఉంది. ఇగో, ఇటు వంగి చూడు.”

చూశాడు. నీలం గుడ్డ మధ్య తెల్లటి పన్ను, పన్ను మధ్య గుంట, గుంట అడుగున నల్లటి చుక్కలు, పక్కగా దూరంగా మరొకటి, సూది మొనంత. రక్తం లేదు. నిజంగానే ఉంది. ఇరవై మందిలో ఒకరికి కష్టమన్న మూడో వేరు, లక్డారంలో పుట్టి లక్డారంలోనే పెళ్లి చేసుకున్న సుమిత్రకి ఉంది. గోడ పట్టుకున్నాడు. బతికాం అనుకున్నాడు. ఆ వెంటనే, ఇంక చెప్పక్కర్లేదు అనుకున్నాడు. ఎంత తేలికయిపోయింది ఒళ్లు. కాగితం అబద్ధమైనా పన్ను నిజమైంది, ఇక ఎవరు అడుగుతారు, పొట్లం తీసి ఏ కాలువలోనో పారేస్తే అయిపోయె.

మిగతా పని చేసి, పన్నుకి తాత్కాలికంగా తెల్లటి మందు పెట్టి, గుడ్డ తీసి, అనూహ్య కుర్చీ లేపింది. సుమిత్ర సగం ముఖం ఆమెది కాదు, మత్తుకి ఎడమ పెదవి వేలాడుతోంది, ఉమ్ము కొంగుతో తుడుచుకుంటోంది.

“ఆంటీ, మీరు నాకు అదృష్టం. ఇగో, ఆ అద్దాల బీరువాలో ఉన్నది మీ ఊరి వాళ్ల పళ్లే. అన్న తెచ్చిచ్చాడు. మీ లక్డారం వాళ్లకి ఈ వేరు ఎక్కువని నేను కనుక్కున్నా, ఇప్పుడు మీకు కూడా వచ్చె!”

సుమిత్ర బీరువా వైపు చూసింది. సీసా వైపు చూసింది. తర్వాత ఏదో చెప్పింది. నాలుక తిరగని నోటితో, గాలీ ఉమ్మూ తప్ప మాట లేదు. అనూహ్య వంగి విన్నది, అర్థం కాలేదు, అతని వైపు తిరిగింది.

“ఏమంటుందన్నా ఆంటీ?”

అతనికి ఒక్క అక్షరం పోకుండా అర్థమైంది. ముప్పై ఒక్క ఏళ్లు విన్న గొంతు.

“నీళ్లడుగుతుంది మేడమ్.”

అనూహ్య గ్లాసు అందించింది. సుమిత్ర గ్లాసు చూసి, భర్త ముఖం చూసింది. నేను నీళ్లెప్పుడడిగిన అన్నట్టు. గ్లాసు పక్కన పెట్టింది. నొప్పికి ఎత్తని ఎడమ చెయ్యి ఇప్పుడు ఎత్తింది, సీసాను చూపించింది, మళ్లీ అదే మాట, ఇంకా నిదానంగా, చిన్నపిల్లలకి చెప్పినట్టు. ఆమె కళ్లల్లో తప్పు పట్టడం లేదు. ఆమెకి తప్పేముందో తెలియదు. తెలిసింది చెబుతోంది, అంతే.

“నీళ్లు కాదా?” అంది అనూహ్య.

“కాదు మేడమ్.” గోడ వదిలి నిలబడ్డాడు. “ఆమె ఏమంటుందంటే, మా ఊరోళ్లవి ఎక్కడియి బిడ్డా, గవి మా రూములల్ల ఉండే అస్సామోళ్లవి గద, నేనే జావ కాసి పోస్తి, అంటుంది.”

మాస్కు కింద నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. “ఎన్ని అన్నా?”

“నలభై ఒకటి. సీసా సీసంత.”

“చీటీల లక్డారం అని ఉంది కదా!”

“నేనే రాయించిన. కార్డు కోసం. మీరు అడిగిన్నాడు గిట్ల అయితదని నాక్కూడ తెల్వదు మేడమ్, తప్పనుకోలే. పెద్ద సారు క్లాసుల చెప్పినంక తెలిసింది. తెలిసినంక నోరు రాలే. గది నాదే తప్పు.” జేబులోంచి పొట్లం తీసి పళ్లెంలో పెట్టాడు. “గిది మాత్రం మనోళ్లదే. నర్సింగ్ బావది.”

ఆ పిల్ల పొట్లం విప్పింది. వెలుతురు కిందికి తెచ్చి, తిప్పి, వేర్లు లెక్కపెట్టింది, ఒకటి, రెండు. చిల్లు దగ్గర ఆగింది. తర్వాత చేతి తొడుగులు విప్పి, కుర్చీ పక్క స్టూలు మీద, తడి ఉందని కూడా చూసుకోకుండా కూర్చుంది. ఏడుస్తుందేమో అనుకున్నాడు. ఏడవలేదు. మాస్కు తీసేస్తే ముఖం సన్నబడిపోయి, బడికి పోయే పిల్ల ముఖంలాగా ఉంది.

“ఆ ఆర్డరు రేపు పొద్దునకి ఉండొద్దు,” అంది, తనలో తానే. “సార్ దగ్గరికి నేను పోతా.”

“నేనొస్తా మేడమ్. చెప్పాల్సింది నేను.”

అనూహ్య లేచింది. బీరువా తీసి సీసా బల్ల మీద పెట్టింది. సొరుగులోంచి ఒక పుస్తకం తీసి కొత్త పేజీ తిప్పింది. గోరుతో సీసా మీది చీటీ గీకడం మొదలుపెట్టింది, జిగురు ఎండిపోయి ముక్కలు ముక్కలుగా వస్తోంది.

“ఎవరివి ఏవో గుర్తున్నయా నీకు?”

“గుర్తున్నయి. నాకు తెల్వనియి ఈమెకు తెలుసు.”

“కూసో అన్నా.” డాక్టర్లు కూర్చునే స్టూలు అతని వైపు జరిపింది. ఇంతకాలంలో దాని మీద అతను కూర్చోలేదు. కూర్చున్నాడు. సుమిత్ర ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఇంటికి ఇప్పుడే పోయేది లేదని అర్థమై, కొంగు పెదవి కింద పట్టుకుని సర్దుకుని కూర్చుంది.

“మొదటిది?”

గాజులాంటి పన్ను, లోపల నీలం దారాలు. చూడగానే తెలుసు.

“బిపుల్. మూడో నంబరు రూము.”

రాసింది. “ఊరు?”

పెద్దరాములు నోరు తెరిచాడు. ఆరేళ్లుగా వాడి ముద్ద తెలుసు, వాడి దగ్గు తెలుసు, వాడికి ఏ వేలికి గోరు లేదో తెలుసు. సుమిత్ర వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఫోను తీసి నంబరు నొక్కాడు. వెనక మిషన్ల హోరులో వాడి గొంతు, క్యా హువా సేట్, అని.

“అరే బిపుల్, తేరే గావ్ కా నామ్ క్యా హై రే?”

రూమ్ ఖాళీ కర్నా హై క్యా సేట్, అని అడిగాడు వాడు, రూము ఖాళీ చేయమంటారేమోనని భయంభయంగా.

“నహీ రే. వైసా కుచ్ నహీ. లిఖ్నా హై, బస్. సహీ లిఖ్నా హై.” రాయాలి, సరిగ్గా రాయాలి, అంతే.

వాడు చెప్పాడు. హోరులో సగం పోయింది, మిగతా సగం నాలుకకి అలవాటు లేనిది. పెద్దరాములు లేచి, కిటికీ దగ్గరికి పోయి, రెండో చెవి మూసుకున్నాడు.

“ఫిర్ సే బోల్ బిడ్డా,” అన్నాడు. “జెర నిదానంగ చెప్పు. రాసుకుంటుండ్రు.”